గోడలో టీవీ పాయింటుకి ఏ ప్లేటు? డీటీహెచ్ పెట్టుకునేవాళ్ల కోసం

“కేబుల్ తెచ్చి నేరుగా బాక్సుకి పెడితే బొమ్మ వస్తోందండీ. గోడలో పాయింటు నుంచి పెడితే మాత్రం నో సిగ్నల్ అంటోంది.” గృహప్రవేశమైన వారం పది రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటివే. కాకినాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు వైరింగు చేస్తుంటాను. స్విచ్చుల రంగు కోసం, ఫ్యాన్ల కోసం నాలుగు షాపులు తిరిగి చూసుకునే ఇంటివాళ్లు టీవీ పాయింటు దగ్గరికొచ్చేసరికి “ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ” అంటారు. అలా పెట్టేసిన సాకెట్టే తర్వాత ఏడిపిస్తుంది.

పోయిన వర్షాకాలంలో ఒకరింట్లో అలాంటి ప్లేటు విప్పాను. పైకి చాలా అందంగా ఉంది, మెరిసే ఫ్రేము, మధ్యలో గుండ్రటి టీవీ సాకెట్. వెనక్కి తిప్పితే రెండు స్క్రూలు. ఒకదాని కింద కేబుల్ మధ్య తీగ, రెండో దాని కింద పైన ఉండే జాలీ. ఆ జాలీని దీపం వత్తిలా మెలిపెట్టి, పక్కకి వంచి బిగించారు. ఆ చోట దాదాపు రెండు సెంటీమీటర్ల మేర కేబుల్ బోసిగా ఉంది, మీద జాలీ లేదు, రేకు లేదు. జాలీలోంచి వెంట్రుకంత పోగు ఒకటి లేచి మధ్య తీగకు తగిలీ తగలనట్టు ఆగింది. ఎండాకాలమంతా టీవీ బాగానే నడిచిందట. మబ్బు పడితే చాలు, బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయేది. డిష్ వాళ్లు రెండుసార్లు వచ్చి డాబా మీద డిష్ తిప్పి వెళ్లారు. తప్పు డాబా మీద లేదు, హాల్లో ఉంది.

మనకు షాపుల్లో మాడ్యులర్ స్విచ్చులతో పాటు “టీవీ సాకెట్” అని ఇచ్చేది ఎక్కువగా పాత యాంటెన్నా కాలం నాటి తోసి పెట్టే రకం. ఆ పిన్ను ఆకారం ఇంగ్లండులో 1922 ప్రాంతంలో, రేడియో ప్రసారాలు మొదలైన రోజుల్లో పుట్టింది. కేబుల్ టీవీకి ఇప్పటికీ చక్కగా సరిపోతుంది, ఎందుకంటే కేబుల్ ఆపరేటరు పంపే సిగ్నల్ 862 మెగాహెర్ట్జ్ లోపే ఉంటుంది. డీటీహెచ్ అలా కాదు. డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని అందుకునే ఎల్‌ఎన్‌బీ కిందికి పంపేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. 2000 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్లో ఒక్కో అల పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. అందులో 2 సెంటీమీటర్ల బోసి ముక్కంటే అలలో ఆరో వంతు. అక్కడ సిగ్నల్ కొంత వెనక్కి తిరిగిపోతుంది, కొంత బయటికి కారిపోతుంది. అదే ముక్క 500 మెగాహెర్ట్జ్ దగ్గర అలలో నాలుగు శాతమే, టీవీకి తెలియను కూడా తెలియదు. అందుకే కేబుల్ కనెక్షను ఉన్న పక్కింట్లో అదే సాకెట్ ఏ గొడవా లేకుండా పనిచేస్తుంది, మీ ఇంట్లో చేయదు.

ఇంకో తేడా కూడా ఉంది. డీటీహెచ్ కేబుల్లో సిగ్నల్ కిందికి వస్తుంటే కరెంటు పైకి వెళ్తుంటుంది. సెట్‌టాప్ బాక్సు 13 వోల్టులో 18 వోల్టులో అదే తీగ మీద పంపితేనే ఎల్‌ఎన్‌బీ బతుకుతుంది. ఆ రెండు వోల్టేజీల తేడాతోనే ఎల్‌ఎన్‌బీ నిలువు అలలు తీసుకోవాలా అడ్డం అలలు తీసుకోవాలా అని తెలుసుకుంటుంది. కాబట్టి గోడలోని ప్లేటు సిగ్నల్‌ని ఇటు పోనిస్తే చాలదు, కరెంటుని అటు పోనివ్వాలి. జాయింటు వదులైతే 18 కాస్తా తగ్గిపోతుంది. అప్పుడు కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని రాకపోవడం లాంటి వింతలు కనిపిస్తాయి.

ఇక మన ముందున్న రకాలు చూద్దాం.

తోసి పెట్టే సాకెట్

దీని గురించి సగం చెప్పేశాను. ఏ కంపెనీ మాడ్యులర్ సిరీస్‌లోనైనా దొరుకుతుంది, ఒక మాడ్యూలు చోటు చాలు, ప్లేటులో ఇమిడిపోయి ముచ్చటగా ఉంటుంది. కానీ పట్టు ఉండదు. టీవీ యూనిట్ తుడిచేటప్పుడు కేబుల్ కాస్త లాగినా పిన్ను సగం బయటికి వస్తుంది. పైగా సెట్‌టాప్ బాక్సు వెనక ఉండేది మర ఉన్న ఎఫ్ పోర్టు. కాబట్టి ఒక కొస తోపుడు పిన్ను, రెండో కొస ఎఫ్ పిన్ను ఉన్న ముక్క కేబుల్ వేరుగా చేయించుకోవాలి. మీ ఇంట్లో కేబుల్ టీవీయే ఉంటే, ఇంకో పదేళ్లు అదే ఉంచుకుంటామనుకుంటే, ఇది పెట్టించండి, తప్పు లేదు. డీటీహెచ్‌కి మాత్రం నేను వద్దంటాను. ఇప్పటికే గోడలో ఇదే ఉంటే ఉన్నపళంగా పగలగొట్టాల్సిన పని లేదు. వాన రోజున సెట్‌టాప్ బాక్సు మెనూలో సిగ్నల్ నాణ్యత ఎంత చూపిస్తోందో ఒకసారి చూడండి. కేబుల్‌ని సాకెట్ తప్పించి నేరుగా పెట్టి మళ్లీ చూడండి. రెండిటికీ పెద్ద తేడా కనిపిస్తే మార్చండి, లేదంటే అలాగే వాడుకోండి.

ఎండలో బాగుండి వానలో ఎందుకు పోతుందని చాలామంది అడుగుతారు. డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండు, పది గిగాహెర్ట్జ్ పైన. ఆ అలలను వాన చినుకులు మింగేస్తాయి. డిజిటల్ బొమ్మకు మధ్య దశ చాలా కొద్దిసేపే ఉంటుంది. సిగ్నల్ ఒక గీత పైన ఉన్నంతసేపు అద్దంలా ఉంటుంది, కింద పడిన క్షణం గళ్లుగా చెదిరి మాయమవుతుంది. గోడలో చెడ్డ జాయింటు మన దగ్గరున్న మిగులును ముందే తినేస్తుంది. ఆ లోటు ఎండాకాలం కనిపించదు, అల్పపీడనం పట్టిన రోజు కనిపిస్తుంది.

మర ఉన్న ఎఫ్ సాకెట్

డీటీహెచ్ ఉన్న ఇంటికి నేను పెట్టేది ఎక్కువగా ఇదే. ప్లేటుకి రెండు వైపులా మర ఉన్న చిన్న జాయింటరు ఉంటుంది. వెనక గోడలోంచి వచ్చిన కేబుల్‌కి ఎఫ్ పిన్ను వేసి బిగిస్తాం, ముందు నుంచి సెట్‌టాప్ బాక్సుకి వెళ్లే ముక్క బిగిస్తాం. జాలీ గుండ్రంగా కొసదాకా కప్పి ఉంటుంది, బోసి చోటు ఉండదు. చేతితో బిగించాక 11 మిల్లీమీటర్ల స్పానరుతో ఒక చిన్న తిప్పు తిప్పితే పిల్లలు లాగినా ఊడదు. మంచి జాయింటరు అయితే సిగ్నల్ నష్టం అర డీబీ (సిగ్నల్ తగ్గుదలను కొలిచే లెక్క) లోపే. డిష్ నుంచి లాగే ఆర్‌జీ6 రకం కేబుల్ 25 మీటర్లకు పై ఫ్రీక్వెన్సీల దగ్గర ఏడెనిమిది డీబీ పోగొడుతుంది కాబట్టి, దాని పక్కన ఇది లెక్కలోకి రాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మీరు కొన్న మాడ్యులర్ సిరీస్‌లో ఎఫ్ రకం మాడ్యూలు ఊరి షాపులో ఉండకపోవచ్చు. ఒక కంపెనీ మాడ్యూలు ఇంకో కంపెనీ ఫ్రేములో సాధారణంగా కూర్చోదు. అందుకని స్విచ్చులు ఆర్డరు పెట్టేటప్పుడే “శాటిలైట్ టీవీ సాకెట్, ఎఫ్ టైపు, మర ఉన్నది” అని విడిగా చెప్పండి. షాపువాళ్లు తెచ్చినది ముందు వైపు చూసి సరిపెట్టుకోకండి, వెనక్కి తిప్పండి. ముందు మర ఉండి వెనక మళ్లీ అవే రెండు స్క్రూలు ఉండే మాడ్యూళ్లు కూడా వస్తుంటాయి. అది తోపుడు సాకెట్‌కి వేషం మార్చినట్టే. వెనక కూడా మరే ఉండాలి.

దొరక్కపోతే నేను చేసేది ఇది. అదే సిరీస్‌లో బ్లాంక్ మాడ్యూలు, అంటే ఉత్త మూత, ఒకటి కొంటాను. మధ్యలో గుర్తు పెట్టి ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో, తర్వాత 10 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేస్తాను. ఒకేసారి పెద్ద బిట్టు పెడితే ప్లాస్టిక్ పగులుతుంది. నట్టు, వాషరు ఉన్న పొడుగు రకం జాయింటరు అందులో దూర్చి బిగిస్తాను. అయ్యేది పావుగంట పని. చూసేవాళ్లకు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది, పనితనంలో ఏ లోటూ ఉండదు.

జాయింటరు కొనేటప్పుడు 3 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నది తీసుకోండి. వాటి లోపలి ప్లాస్టిక్ చాలావరకు నీలం రంగులో ఉంటుంది, కానీ రంగొక్కటే చూసి నమ్మొద్దు. ఒక ఎఫ్ పిన్ను వేసిన కేబుల్ ముక్క జేబులో పెట్టుకెళ్లి దూర్చి చూడండి. మధ్య తీగను లోపలి స్ప్రింగు గట్టిగా పట్టుకున్నట్టు చేతికి తెలియాలి. జారిపోతున్నట్టుంటే అది మీ ఇంటికి వద్దు.

జాయింటే లేకుండా

దీన్ని చాలామంది చులకనగా చూస్తారు, నాకైతే దీని మీద గౌరవం ఉంది. డాబా నుంచి వచ్చిన కేబుల్ ఎక్కడా తెగకుండా గోడలోంచి బయటికి వచ్చి నేరుగా సెట్‌టాప్ బాక్సులో బిగుసుకుంటుంది. ప్లేటులో కార్డ్ అవుట్‌లెట్ అనే మాడ్యూలు పెడితే దాని నోట్లోంచి కేబుల్ నీటుగా దిగుతుంది. సిగ్నల్ పరంగా దీన్ని మించింది లేదు, ఎందుకంటే పాడవడానికి జాయింటు లేదు.

లోటు ఒక్కటే. కొస ఎప్పుడైనా విరిగితే మళ్లీ పిన్ను వేయడానికి కేబుల్ పొడుగు కావాలి. అందుకని బయట ఒక మీటరు, పైపు అవతలి కొసన ఇంకో మీటరు అదనంగా వదిలిపెట్టాలి. సెట్‌టాప్ బాక్సు టీవీ కిందే అరలో ఉండి, కేబుల్ ఎవరి కాళ్లకూ అడ్డం రాని ఇంట్లో నేను ఈ పద్ధతే చెప్తాను. పడకగదిలో మంచం పక్కన, పాయింటు ఖాళీగా ఉండిపోయే చోట, కేబుల్ వేలాడటం బాగోదు కాబట్టి అక్కడ ఎఫ్ సాకెట్ మేలు.

రెండు మూడు రంధ్రాల ప్లేట్లు

కోనసీమ వైపు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు అక్కడి నుంచి ప్లేట్లు తెచ్చి “ఇవి పెట్టు, ఫారిన్ సరుకు” అంటారు. టీవీ, ఎఫ్ఎం, శాటిలైట్ అని మూడు పోర్టులు ఉంటాయి. సరుకు నాణ్యమైనదే. కాకపోతే లోపల ఫిల్టర్లు ఉంటాయి, టీవీ, ఎఫ్ఎం పోర్టుల్లోంచి కరెంటు పైకి పోదు. శాటిలైట్ పోర్టు వాడితేనే పని. రెండే రంధ్రాలున్న టీవీ, ఎఫ్ఎం ప్లేటు డీటీహెచ్‌కి అసలు పనికిరాదు. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసులా వెళ్లే లూప్ ప్లేట్లు కూడా వస్తాయి, ఒక ఇంటికి వాటితో పని లేదు.

ఆ గొలుసు ఆలోచనే చాలా ఇళ్లలో చేటు చేస్తుంది. రెండు టీవీలున్నాయని హాలు ప్లేటు వెనక లైనుని రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒకటి పెట్టి పడకగదికి లాగుతారు. కేబుల్ టీవీ స్ప్లిటర్ 1000 మెగాహెర్ట్జ్ దాకానే పని చేస్తుంది, చాలా వాటిలో కరెంటు కూడా పోదు. శాటిలైట్ స్ప్లిటర్ పెట్టినా, ఒక బాక్సు 13 వోల్టులు, ఇంకోటి 18 వోల్టులు అడిగితే ఒకే ఎల్‌ఎన్‌బీ ఇద్దరి మాటా వినలేదు. రెండు టీవీలకు రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ, డాబా నుంచి రెండు విడి కేబుళ్లు. ఇదే దారి.

ప్లేటు కన్నా ముందు బాక్సు

ఎంత మంచి సాకెట్ కొన్నా వెనక గోడ బాక్సు ఇరుకైతే అంతా వృథా. ఆర్‌జీ6 కేబుల్ లావు 7 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. దాన్ని మూడు అంగుళాల వ్యాసార్థం కన్నా ఇరుకుగా వంచకపోతే మంచిది. లోపలి తెల్లటి నురుగు నలిగితే మధ్య తీగ పక్కకి జరుగుతుంది, మళ్లీ సరికాదు. రెండు మాడ్యూళ్ల లోతు తక్కువ బాక్సులో ఎఫ్ పిన్ను నిటారుగా బిగించి ప్లేటు మూయాలంటే, పిన్ను మొదట్లోనే కేబుల్ మడత పడుతుంది. నేను టీవీ పాయింటుకి మూడు లేదా నాలుగు మాడ్యూళ్ల బాక్సు పెడతాను, కేబుల్ లోపల ఒక మెత్తటి వంపు తిరిగేలా. చోటు మరీ లేకపోతే ఎల్ ఆకారపు ఎఫ్ అడాప్టరు వాడొచ్చు, కానీ అదీ ఒక జాయింటే.

ఇంకొకటి, దీని విషయంలో నేను రాజీ పడను. టీవీ సాకెట్‌ని ప్లగ్గుల బాక్సులోనే ఖాళీ మాడ్యూల్లో పెట్టొద్దు. అక్కడ 230 వోల్టుల తీగలుంటాయి. ఒక స్క్రూ వదులై ఫేజు తీగ కేబుల్ జాలీకి తగిలిందంటే సెట్‌టాప్ బాక్సు ఇనప ఒళ్లు, దాని నుంచి డాబా మీద డిష్షు, అన్నిటికీ కరెంటు పాకుతుంది. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కిన మనిషి డిష్షు ముట్టుకుంటారు. విడి బాక్సు, విడి పైపు, అంతే.

పాయింటు ఎక్కడ పెట్టాలన్నదీ ముందే తేల్చుకోండి. టీవీ వేలాడే చోట కాదు, సెట్‌టాప్ బాక్సు కూర్చునే చోట. బాక్సు నుంచి టీవీకి వెళ్లేది హెచ్‌డీఎంఐ తీగ. దాని తల పెద్దది, మామూలు పైపులో దూరదు. కింది అర నుంచి టీవీ వెనక దాకా 2 అంగుళాల పైపు ఒకటి గోడలో వేయించండి.

కేబుల్ గురించి రెండు మాటలు. పైపులో ఆర్‌జీ6 వేయండి, సన్నటి పాత రకం వద్దు. మధ్య తీగకు అయస్కాంతం అంటుకుంటే అది రాగి పూసిన స్టీలు, అంటుకోకపోతే సాధారణంగా రాగి. మామూలు ఇంటి దూరాలకు స్టీలు రకం చాలు. కింది ఫ్లోరు నుంచి నాలుగో అంతస్తు డాబా దాకా పోయే చోట రాగిది తీసుకోండి, 18 వోల్టులు పైదాకా నిలబడతాయి. ఒక్కో టీవీ పాయింటుకి రెండు ఆర్‌జీ6లు, ఇంటర్నెట్‌కి వాడే క్యాట్6 తీగ ఒకటి లాగిస్తే ఇంకా మంచిది. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షనుకి ఎప్పుడైనా మారితే టీవీకి కావాల్సింది ఆ క్యాట్6 తీగే.

ఇక ఎవరికేది అంటే

అద్దె ఇల్లయితే గోడ జోలికి వెళ్లకండి, కిటికీ మూల నుంచి కేబుల్ నేరుగా తెచ్చుకోండి, ఖాళీ చేసేటప్పుడు చుట్టుకుని పట్టుకెళ్లొచ్చు. సొంత ఇల్లు కట్టుకుంటూ డీటీహెచ్ ఖాయమనుకుంటే హాల్లో కార్డ్ అవుట్‌లెట్, పడకగదుల్లో ఎఫ్ సాకెట్. ఇప్పుడు కేబుల్ టీవీ ఉండి రేపు ఏమవుతుందో తెలియకపోతే కూడా ఎఫ్ సాకెట్టే, ఎందుకంటే అది కేబుల్ సిగ్నల్‌నీ హాయిగా మోస్తుంది, తోపుడు సాకెట్ డీటీహెచ్‌ని నమ్మకంగా మోయలేదు. అపార్ట్‌మెంటులో ఉమ్మడి డిష్ నుంచి లైను వస్తుంటే, మీ ఫ్లాటు లోపల స్ప్లిటర్ ఉందో లేదో ముందు మెయింటెనెన్స్ వాళ్లని అడిగి, తర్వాత ప్లేటు మార్చండి. సముద్రానికి దగ్గర్లో ఉన్న మా బోటి వాళ్లు గోడ లోపలి ప్లేటు కన్నా డాబా మీది పిన్ను గురించి ఎక్కువ బెంగపడాలి. ఉప్పుగాలికి నాసిరకం పిన్ను ఏడాదిలోనే తెల్లగా పొంగిపోతుంది. అక్కడ కేబుల్ మీదికి చేత్తో తిప్పి ఎక్కించే రకం పిన్ను వద్దు, పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ పిన్ను వేయించి పైన రబ్బరు బూటు తొడిగించండి.

పిన్ను వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. తెల్ల నురుగు పిన్ను లోపలి అంచుతో సమంగా ఉండాలి, మధ్య తీగ నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి, జాలీ పోగు ఒక్కటి కూడా లోపలికి తొంగి చూడకూడదు. సెల్‌ఫోన్ టార్చి వేస్తే వెంట్రుకంతది కూడా కనిపిస్తుంది. పెయింటు పని మొదలవక ముందే మల్టీమీటరుతో డాబా కొసన మధ్య తీగకీ జాలీకీ మధ్య షార్టు లేదని చూసి, ప్రతి కేబుల్ కొసకీ ఏ గదిదో పేరు రాసి టేపు చుట్టించండి. గోడ లోపలికి దిగే ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా కట్టించండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, పైపులోకి రావు.